పులివెందుల దాకా దద్దుర్ల వెంట

ప్రొద్దుటూరు వెళ్తున్నానని చెప్పగానే మా అపార్టుమెంటులో సగం మంది బంగారం కొనడానికనుకున్నారు. మిగిలిన సగం మంది సినిమాలు శ్రద్ధగా చూసేవాళ్లు కాబట్టి, నేను ప్రాణాల మీద ఆశ వదులుకున్నాననుకున్నారు. "అక్కడ ఎవరి మీసాల వంకా సూటిగా చూడకండి మేడమ్" అని లిఫ్టు దగ్గర ఒకాయన హితవు కూడా చెప్పాడు. జ్వరాలు చూడటానికి వెళ్తున్నానంటే మాత్రం ఒక్కరూ నమ్మలేదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. నేను విజయవాడలో చర్మవ్యాధుల డాక్టరుని. పదిహేనేళ్లుగా నా దగ్గరికి వచ్చే అత్యవసర కేసు ఎలాంటిదంటే, గురువారం పెళ్లి పెట్టుకుని మంగళవారం ముక్కు మీద మొటిమ లేచిన పెళ్లికూతురు. ఆ మొటిమ కోసం ఆదివారాలు కూడా క్లినిక్ తెరిచిన త్యాగమూర్తిని నేను.

పిలిచింది సుభద్ర. మెడికల్ కాలేజీలో నా రూమ్మేటు. ఇప్పుడు ప్రొద్దుటూరులో చిన్న ఆస్పత్రి నడుపుతోంది. ఎంత చదివినా, ఎన్ని ఊళ్లు తిరిగినా దాని యాస మాత్రం చెక్కుచెదరలేదు.

"వానలు నిలిచినాయే. జరంతో, ఒంటి మీద దద్దుర్లతో శానామంది వస్తాండారు" అంది ఫోన్లో. "నాకు జరం తెలుసు, నీకు దద్దురు తెలుసు. నాలుగు రోజులు వచ్చినావంటే ఇద్దరం కలిసి ఒక డాక్టరవుతాం."

దాని లెక్కలో నేను అర డాక్టరునన్నమాట. తర్వాత తేలిందేమిటంటే, అది కాస్త పెద్ద మనసుతో వేసిన లెక్కే.

ప్రొద్దుటూరు, మొదటి రోజు

పొద్దున్నే సుభద్ర నన్ను ఒక చిన్న హోటలుకి తీసుకెళ్లి ఉగ్గాని, బజ్జీ పెట్టించింది. మరమరాలను వాళ్లు బొరుగులంటారు. వాటిని నీళ్లలో తడిపి, పిండేసి, పోపు పెడితే ఉగ్గాని. పక్కన ఇంత పొడుగు మిరపకాయ బజ్జీ పడేస్తారు. ప్లేటు నలభై రూపాయలు. గుంటూరు మిరపకాయలు తిన్న నోరు నాదని కొంచెం గట్టిగానే చెప్పుకుని బజ్జీ కొరికాను. రెండు నిమిషాల తర్వాత కళ్లు తుడుచుకుంటూ తలెత్తితే హోటలాయన నా ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"కారం సాల్లేదామ్మా?" అన్నాడు, నిజంగానే బాధపడుతూ.

ఆస్పత్రిలో మొదట చూసిన పేషెంటు ఒక నగల షాపులో పనిచేసే మనిషి. జ్వరం వచ్చి ఐదు రోజులు. వీపు, చేతులు ఎర్రగా కందిపోయి, ఆ ఎరుపు మధ్యలో అక్కడక్కడ తెల్లటి మచ్చలు. సుభద్ర అతన్ని కూర్చోబెట్టి పోలీసులా ప్రశ్నలు మొదలుపెట్టింది. జ్వరం ముందా, దద్దురు ముందా? ఎన్నో రోజున వచ్చింది? ముఖం మీద మొదలై కిందికి దిగిందా, వీపు మీద మొదలై పాకిందా? అరచేతుల్లో ఉందా? ఏ మాత్రలు మింగావు, దద్దురు రాకముందా వచ్చాకా? ఏం పని చేస్తావు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? అన్నీ అయ్యాక ఒక గాజుగ్లాసు తీసుకుని అతని ముంజేతి మీద నొక్కింది. ఎరుపు చాలావరకు మాయమైంది. మాయం కాని సన్నటి చుక్కలు కొన్ని మిగిలాయి. అవి చర్మం కింద చిమ్మిన రక్తం.

"ఇది డెంగీ. ఆ చుక్కలు ఎక్కువైనా, కడుపులో నొప్పి వచ్చినా వెంటనే రావాల" అని అతనికి చెప్పింది.

ఆ మనిషి తాను బొప్పాయి ఆకు రసం తాగుతున్నాననీ, అందువల్ల మరీ భయపడాల్సిన పని లేదనీ మాకు ధైర్యం చెప్పాడు.

ఇదంతా నేను కూడా చదువుకున్నదే. ఆ గ్లాసు పరీక్ష మీద పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకున్నాను. తర్వాత ఆ గ్లాసును కాఫీకి తప్ప ఇంకెందుకూ వాడలేదు.

మధ్యాహ్నం సుభద్రను ఏదో ఎమర్జెన్సీకి పైకి పిలిచారు. గదిలో నేనొక్కదాన్నే. అప్పుడొచ్చింది ఓబులమ్మ. ముప్పై ఐదేళ్లుంటాయి. ఊరు పులివెందుల దగ్గర పల్లె. ప్రొద్దుటూరులో చెల్లెలి ఇంటికి వచ్చి, ఆ చెల్లెలిని తోడు తీసుకుని వచ్చింది. ఎనిమిది రోజులుగా జ్వరం. వాళ్ల ఊళ్లో ఉన్న ఆర్‌ఎంపీ రెండు సూదులు వేసి, ఎర్ర మాత్రలు కొన్ని, పసుపు మాత్రలు కొన్ని ఇచ్చాడు. ఇప్పుడు ఒంటి మీద సన్నగా దద్దుర్లు.

గదిలో మరో ఆరుగురు నిలబడి మా మాటలు శ్రద్ధగా వింటున్నారు. ఆమె కొంగు గట్టిగా చుట్టుకుని కూర్చుంది. రెండు చేతులు చూశాను. జాకెట్టు పైన కనిపించిన వీపు చూశాను. అంతమందిలో అంతకు మించి చూడక్కర్లేదులే అని నాకు నేనే మర్యాద చేసుకున్నాను.

"మాత్రలు పడలేదు. అలర్జీ" అన్నాను.

"అలర్జీకి తలకాయి ఇంత నొస్తాదా మేడమ్?" అంది ఓబులమ్మ.

"నొస్తుంది" అన్నాను, పదిహేనేళ్ల అనుభవంతో.

దురద మాత్రలు రాసిచ్చాను. మొత్తం ఐదు నిమిషాలు పట్టి ఉంటుంది. విజయవాడలో ఒక మొటిమకు ఇంతకంటే ఎక్కువసేపు ఇస్తాను.

జమ్మలమడుగు, రెండో రోజు

జమ్మలమడుగు వెళ్తున్నామంటే నా వాట్సాప్ గ్రూపులన్నీ గండికోట ఫొటోలు పంపమని వెంటపడ్డాయి. గండికోటను నేను చూశాను. రోడ్డు పక్కన బోర్డు మీద, బాణం గుర్తుతో సహా. మేము వెళ్లింది ఇంకోవైపు, పెన్న దాటి ఒక పల్లెలో బడి వరండాకు. అక్కడ జ్వరాల క్యాంపు.

క్యాంపును నిజంగా నడిపింది నేనూ కాదు, సుభద్రా కాదు. ఖాసింబీ అనే ఆరోగ్య కార్యకర్త. యాభై దాటిన మనిషి, నెరిసిన జుట్టు, భుజానికి గుడ్డ సంచి. మేము వెళ్లేసరికే మగవాళ్లను వరండాలో కూర్చోబెట్టి, ఆడవాళ్లను ఒక తరగతి గదిలోకి పంపి తలుపు గడియ పెట్టించింది. కిటికీలకు బడి పిల్లల మ్యాపులు కట్టించింది. భారతదేశం చాటున బట్టలు విప్పి చూపించుకునే సౌకర్యం నేను ఏ కార్పొరేట్ ఆస్పత్రిలోనూ చూడలేదు.

ఆ గదిలోకి ఒక మేకలు కాసుకునే పెద్దామె వచ్చింది. పది రోజులుగా జ్వరం, పొట్ట మీద, వీపు మీద దద్దుర్లు. నేను చేతులు పట్టుకుని చూస్తూ, ఏం మాత్రలు వాడావని అడగడం మొదలుపెట్టాను. ఖాసింబీ నన్ను సున్నితంగా పక్కకు జరిపింది.

"చెయ్యెత్తు అవ్వా" అంది. "ఇంగా పైకి."

చంకలో, మడత లోపల, నల్లటి చెక్కు ఒకటి ఉంది. బీడీతో కాల్చినట్టు గుండ్రంగా, చుట్టూ ఎర్రటి అంచుతో.

"ఇది ఎప్పుడొచ్చింది?" అన్నాను అవ్వతో.

"ఏది?" అంది అవ్వ, తన చంకలోకి తానే ఆశ్చర్యంగా తొంగిచూసుకుంటూ.

"దీనికి నొప్పుండదు మేడమ్" అంది ఖాసింబీ. "కంటికి కనపడనంత పురుగు అది. గడ్డిలో, పొదల్లో, చీనీ తోటల్లో, అదే మీ బత్తాయి తోటల్లో ఉంటాది. కుట్టింది తెలీదు, చెక్కు కట్టింది తెలీదు. జరం ఒకటే తెలుస్తాది. నొప్పి లేందాన్ని వీళ్లెందుకు చెప్తారు? మనమే ఎతకాల. చంకలో, రొమ్ముల కింద, తొడల కాడ, లంగా బొందు కింద. కోక ఎత్తకుండా జరం సూస్తే యాడ తెలుస్తాది?"

దాని పేరు స్క్రబ్ టైఫస్. దాని మీద నేను ఒకప్పుడు రెండు పేజీల జవాబు రాశాను. నల్లచెక్కు బొమ్మ కూడా వేసి, రంగులు కూడా దిద్దాను. నిజం చెక్కును చూడటం మాత్రం అదే మొదటిసారి. మందు తెలిసిందే, పాతదే. ఒక పూట మాత్రల ఖరీదు ఆ మిరపకాయ బజ్జీల కంటే తక్కువ. సకాలంలో పడితే జ్వరం రెండు రోజుల్లో దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులకు, మెదడుకు ఎక్కుతుంది.

నేను అవ్వకు మాత్రల చీటీ రాస్తూ మధ్యలో ఆగిపోయాను. ఎనిమిది రోజుల జ్వరం. తలనొప్పి. పల్లె. ఓబులమ్మ ఏం పని చేస్తుందో కూడా నేను అడగలేదు.

సుభద్రకు చెప్పాను. అది నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ప్రొద్దుటూరుకు ఫోన్ చేసి రిజిస్టర్లో ఓబులమ్మ ఇచ్చిన నంబరు తెప్పించింది. ఆ నంబరుకు చేస్తే కువైట్‌లో మోగింది.

ఎత్తింది ఓబులమ్మ భర్త. అక్కడ డ్రైవరు.

"ఎవురు మేడమ్? మా ఓబులమ్మకేమైంది?"

"ఏం లేదప్పా, మందు మార్చాల. యాడుండాది?" అంది సుభద్ర.

"నిన్న సాయంత్రమే ఊరికి పాయె. మా అమ్మ కాడుంది. మా అమ్మ ఫోను ఎత్తదు మేడమ్, ఎత్తినా తలకిందులుగా పెట్టుకుంటాది."

"ఓబులమ్మ ఏం పని చేస్తాది?"

"చీనీ తోటలో కలుపు తీస్తాది, కాయలు కోస్తాది. మేడమ్, నిజం చెప్పు, ఏమైంది?"

నలభై మైళ్ల లోపే ఉన్న మనిషి జాడ సముద్రం అవతలి నుంచి తెలిసింది. సుభద్ర అతనితో ఊరి పేరు, ఇంటి గుర్తులు చెప్పించుకుంది. క్యాంపులో మాకోసం సంగటి, శెనక్కాయల ఊర్మిండి అనే పచ్చడి, కోడి పులుసు చేసి ఉంచారు. సంగటి నమలకూడదు, పులుసులో ముంచి మింగాలని ఖాసింబీ నేర్పింది. నేను రెండు ముద్దలకే చెయ్యి కడుక్కున్నాను. కోస్తా దానినని అనుకున్నారు, నేనూ కాదనలేదు.

ముద్దనూరులో ఒక గంట

క్యాంపు నుంచి ఓబులమ్మ ఊరికి వెళ్లే దారిలో, ముద్దనూరు దగ్గర కారు టైరు పంక్చరైంది. స్టెప్నీ తీస్తే అది అంతకుముందే పంక్చరై విశ్రాంతి తీసుకుంటోంది.

పంక్చర్ షాపాయన తాపీగా టీ తాగుతున్నాడు. నేను రెండుసార్లు వాచీ చూసుకున్నాను, మూడోసారి అతను చూశాడు.

"ఏంది మేడమ్ అంత తొందర? పులివెందులకు పొయ్యే కార్లన్నిటికీ తొందరే."

"డాక్టర్లమప్పా. ఒగాయమ్మకు బాగలేదు, ఆమె కాడికి పోతాండాం" అంది సుభద్ర.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "రోగి డాక్టరు కాడికి పోవడం సూసినా గానీ, డాక్టరు రోగి కాడికి పోవడం నేను యాడా సూళ్లేదే" అంటూ లేచాడు. ఇంకో గంట పడుతుందన్న పని గబగబా ముగించాడు. ఆ మెప్పుకు నేను ఎంత అర్హురాలినో చెప్పడానికి అది సమయం కాదనిపించింది.

పులివెందుల దగ్గర ఒక గడప

దారి పక్కన అరటి తోటలు, చీనీ తోటలు. పొద్దు వాలుతుండగా ఊరు చేరాం. ఓబులమ్మ ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. అంటే ఇంట్లో అమ్మవారు పోసిందని గుర్తు. జ్వరం వచ్చి ఒంటి మీద ఏది కనిపించినా అమ్మవారే. మా కోస్తాలో చదువుకున్నవాళ్లం కాబట్టి అలా కాదు. మేము వేపమండలు బెడ్‌రూములో, ఎవరికీ కనిపించకుండా పెట్టుకుంటాం.

అత్త లక్షుమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"బయట దావన పడి వచ్చినోళ్లు లోపలికి రాకూడదు. ఆయమ్మ ఉండాది."

"డాక్టర్లం లేమ్మా. నీ కోడల్ని ఒగసారి సూసి పోతాం" అంది సుభద్ర.

"డాక్టర్ల దగ్గిరికి పోయినాం గదా! ప్రొద్దుటూర్లో యా డాక్టరో అలర్జీ అని చీటీ రాసిచ్చిందంట. ఆ మాత్రలకు నిద్దరైతే పట్టింది, జరం దిగలేదు. పొద్దున్నించి ఏందేందో మాట్లాడతాంది. మనుషుల వల్ల కాదులే అని ఆయమ్మకు అప్పజెప్పినాం."

సుభద్ర నావైపు చూడలేదు. అది చూడకపోవడమే నన్ను మాట్లాడించింది.

"ఆ డాక్టరుని నేనేనమ్మా" అన్నాను.

లక్షుమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. నిన్న నేను ఓబులమ్మను చూసినదానికంటే అది చాలా శ్రద్ధగా చూసిన చూపు.

"మళ్ల యాల వచ్చినావు?"

"నిన్న సరిగా చూడలేదు. చూడటానికి వచ్చాను."

"ఆ మాట నాకు కాదు, ఆయమ్మకు చెప్పు."

చెప్పులు విడిపించి, కాళ్ల మీద పసుపునీళ్లు పోసింది. లోపల మూలన వేపాకులు పెట్టిన చెంబు ముందు నన్ను నిలబెట్టింది. పీజీలో ప్రొఫెసర్ల ముందు చాలా కేసులు అప్పజెప్పాను. తప్పు రోగం చెప్పి కూడా దబాయించి గట్టెక్కాను. ఆ చెంబు ముందు మాత్రం నాకు దబాయింపు రాలేదు. "సరిగా చూడకుండా రాశాను తల్లీ, తప్పు నాది" అన్నాను. ఇది నాటకమనుకుంటూనే మొదలుపెట్టాను. చివరికి వచ్చేసరికి చేతులు జోడించి ఉన్నాను.

"సూడు పో" అంది లక్షుమ్మ.

ఓబులమ్మ చాప మీద ఉంది. ఒళ్లు కాలిపోతోంది. ఊపిరి పైపైనే, వేగంగా ఆడుతోంది. పిలిస్తే కళ్లు తెరిచి, నన్ను తన చెల్లెలి పేరుతో పలకరించింది. దద్దుర్లు కడుపు మీద, వీపు మీద పరుచుకుని ఉన్నాయి. నీటిపొక్కులు ఎక్కడా లేవు, కాబట్టి అమ్మవారి జోలి కాదు. లక్షుమ్మను దీపం పట్టుకోమని, మొదటినుంచి చూశాను. తల వెనక, చెవుల వెనక, చంకలు, రొమ్ముల కింద. ఏమీ లేదు. లంగా బొందు వదులు చేశాను. నడుముకు ఎడమ పక్క, బొందు ఒత్తిన గీత మీద, నల్లటి చెక్కు.

"అది బొందు ఒరుసుకుని గీసుకుపోయింటాది లే" అంది లక్షుమ్మ.

"కాదమ్మా. రోగం అక్కడినుంచే వచ్చింది" అన్నాను.

ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నాం. లక్షుమ్మ ఒప్పుకోలేదు. అమ్మవారున్న మనిషిని గడప దాటించకూడదు. సుభద్ర నచ్చజెప్పింది, తర్వాత అరిచింది. నేను మళ్లీ నా తప్పు చెప్పుకున్నాను. లక్షుమ్మ కాసేపు కోడలి మొహం చూస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి లేచి గుమ్మానికి కట్టిన వేపమండలు తెంపింది. వాటిని తీసుకెళ్లి కారు ముందుసీట్లో పెట్టింది.

"ఆయమ్మ గూడా ఆస్పత్రికి వస్తాది. బిన్నా పోనీ" అని స్టీరింగు ముందు కూర్చున్న సుభద్రను తొందరపెట్టింది.

ముందుసీటు అలా నిండిపోయింది కాబట్టి, నేను వెనక సీట్లో ఓబులమ్మ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

పులివెందుల, ఆస్పత్రిలో

ఆక్సిజన్ పెట్టారు, రక్తం పరీక్షకు పంపారు. ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టారు. మూడో రోజంతా జ్వరం దిగలేదు. నేను తిరుగు ప్రయాణం టికెట్ రద్దు చేసుకున్నాను. విజయవాడ నుంచి ఒక పెళ్లికూతురు ఫోన్ చేసి, తన ముఖం సంగతి ఏం చేశానని ఏడ్చింది. ఐసు పెట్టుకోమన్నాను.

కువైట్ నుంచి ఆ భర్త గంటకోసారి ఫోన్ చేశాడు. "మేడమ్, ఆ ముందు చూసిన డాక్టరెవరో గానీ..." అని మొదలుపెట్టినప్పుడల్లా సుభద్ర ఫోను నా చేతికి ఇచ్చేది. నేనేనని మూడోసారికి చెప్పగలిగాను. అప్పుడతను, "నువ్వు ఆడనే ఉండు మేడమ్. అది లేసేదాకా యాడికీ పోవద్దు" అన్నాడు. నా జీవితంలో అంతకంటే న్యాయమైన ఆర్డరు నాకెవరూ వేయలేదు.

నాలుగో రోజు తెల్లారేసరికి ఓబులమ్మ నుదురు చెమటతో తడిసి చల్లగా ఉంది. ఊపిరి నెమ్మదించింది. పది గంటలకు లేచి కూర్చుని, ఇడ్లీ వద్దని, బొరుగులు కావాలంది. లక్షుమ్మ మొదట వేపమండలకు దండం పెట్టింది. తర్వాత సెలైన్ స్టాండుకు కూడా పెట్టింది. ఎవరి వల్ల తగ్గిందో తేల్చుకునే పని పెట్టుకోలేదు.

మందు ఇంకా కొన్ని రోజులు వాడాలని ఓబులమ్మకు చెప్పాను. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, ప్రొద్దుటూరులో జరిగింది ఆమెకు కూడా చెప్పాను. నిండా చూడలేదనీ, ఏం పని చేస్తావని అడగలేదనీ, తలనొప్పి గురించి నువ్వు అడిగినప్పుడైనా నేను ఆగాల్సిందనీ. పర్వాలేదులే మేడమ్ అంటుందని ఎక్కడో ఒక మూల ఆశ. పేషెంట్లు అలా అంటారు, మాకు అలవాటు.

ఓబులమ్మ మొత్తం విన్నది. నీళ్లు తాగింది.

"నేను అట్టా సూడకుండా చీనీకాయ కోసినాననుకో, తోటాయన ఆ పొద్దు కూలీ ఇయ్యడు మేడమ్" అంది. "పచ్చికాయ కోసినా, పుచ్చుకాయ కోసినా, మల్లా రావద్దంటాడు."

ఆమె పక్క మంచం వైపు తిరిగింది. అక్కడ ఆ పొద్దున్నే చేర్చిన ఒకామె ముసుగు తన్ని పడుకుని, దుప్పటి కింద వణుకుతోంది.

"ఆయమ్మకు గూడా జరమంట. చేతుల మీద దద్దుర్లు వచ్చిండాయంట" అంది ఓబులమ్మ. "పో, పోయి సూడు. చేతులే సూసి రావద్దు."

నేను లేచి, చేతులు కడుక్కుని, ఆ మంచం దగ్గరికి వెళ్లాను.

"అక్కా, ఏం పనికి పోతావు నువ్వు?" అన్నాను.